ఫైనాన్స్ సీజింగ్ బండి ఆన్‌లైన్ వేలంలో కొంటే నిజంగా కలిసొస్తుందా?

పలాస తమ్ముడు అడిగింది ఇదీ: ఉద్దానం ఊళ్ల నుంచి జీడిపిక్కల బస్తాలు పలాస ఫ్యాక్టరీలకి తోలుకోడానికి సొంతంగా ఒక పికప్ కావాలి. చేతిలో మూడున్నర లక్షలున్నాయి. బయట పాత బండ్ల దగ్గర అదే మోడల్ నాలుగున్నర చెబుతున్నారు. ఫోన్లో వేలం యాప్ తెరిస్తే మాత్రం 1,80,000 దగ్గర మొదలవుతోంది. ఇది నిజమేనా, మోసమా? నిజమైతే, ఆఖరి క్షణం దాకా ఆగి పాట వేస్తే చవగ్గా పడుతుందని వీడియోల్లో చెబుతున్నారు, అలా చెయ్యొచ్చా?

ముందు సూటిగా చెప్పేస్తాను. వేలం నిజమే, అందులో చవక బండ్లు దొరకడమూ నిజమే. కానీ 1,80,000కి ఆ బండి రాదు. ఆఖరి క్షణం చిట్కా మన దగ్గర పనిచెయ్యదు. అన్ని ఖర్చులూ పోను బయటి ధర మీద పదిహేను శాతం మిగిలితే మంచి బేరమనే అనుకోండి. అంతకంటే ఎక్కువ మిగులుతుందని ఎవరైనా చెబితే అతను ఖర్చులు కలుపుకోలేదన్నమాట. ఆ పదిహేను శాతం కూడా మిగతావాళ్లు చూడ్డానికి బద్ధకించిన బండినో, భయపడి వదిలేసిన బండినో పట్టుకున్నవాడికే మిగులుతుంది.

నాది విజయనగరంలో పాత బండ్ల వ్యాపారం. అంతకుముందు ఒక ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ల వైపు ఉండేవాణ్ని. కిస్తీలు కట్టని బండిని పట్టుకున్న బండ్లు నిలబెట్టే యార్డుకి చేర్చడం దగ్గర్నుంచి పాటకి పెట్టడం వరకూ అటువైపు కూర్చుని చూశాను, ఇప్పుడు ఇటువైపు నుంచి కొంటున్నాను. బ్యాంకులు వేలం వేసే ఇళ్లూ స్థలాల సంగతి ఇందులో కలపను, దాని చట్టం వేరు, తలనొప్పులూ వేరు.

మొదలు ధరని ధర అనుకోకండి. అది జనాన్ని పోగెయ్యడానికి పెట్టే అంకె. ఆ బండి మీద కంపెనీకి ఎంత రావాలి, వాళ్ల వాల్యుయేటర్ ఎంత కట్టాడు అన్న రెండూ ఫైల్లో ఉంటాయి, మీకు కనబడవు. లాట్ (పాటకి పెట్టిన బండి) వివరాల్లో అడుగున చిన్నక్షరాల్లో ‘అప్రూవల్‌కి లోబడి’ అని ఉంటుంది చూడండి, అసలు కథంతా అక్కడుంది. పాట ముగిసేసరికి మీదే హెచ్చు పాట అయినా బండి మీదైపోయినట్టు కాదు. ఆ అంకె కంపెనీకి వెళ్తుంది. అక్కడి మేనేజరు దాన్ని వాల్యుయేషన్ పక్కన పెట్టి చూస్తాడు. బాగా తగ్గితే ఒప్పుకోవడం అతని చేతిలో ఉండదు, పైవాళ్ల సంతకం కావాలి. ఆ సంతకం కోసం మెయిల్ పెట్టడం ఎవరికీ ఇష్టముండదు, ఎందుకంటే రేపు ఆడిట్ వాళ్లు ‘ఇంత తక్కువకి ఎందుకిచ్చావ్’ అని నిలదీసేది అతన్నే. కాదని తిప్పి పంపితే ఎవరూ ఏమీ అనరు.

తిప్పి పంపిన బండి ఎక్కడికీ పోదు, మళ్లీ పాటకొస్తుంది. మీరు కన్నేసి ఉంచాల్సింది సరిగ్గా వీటి మీదే. మొదటిసారి వచ్చిన బండికి అందరూ ఎగబడతారు. రెండోసారి వచ్చేసరికి ‘ఏదో లోపం ఉండి ఉంటుంది’ అని సగం మంది తప్పుకుంటారు. మూడోసారికి కంపెనీవాడికే విసుగొస్తుంది: యార్డు అద్దె పెరుగుతోంది, టైర్లు ఎండకి పగుళ్లిస్తున్నాయి, పాత వాల్యుయేషన్ తేదీ దాటిపోతే కొత్తది వేయించాలి, కొత్తది ఎప్పుడూ పాతదానికంటే తక్కువే వస్తుంది. నేను వసూళ్లలో ఉన్నప్పుడు మా మేనేజరుకి ఎండలో నిలబడిపోయిన బండ్ల జాబితా నెలనెలా పైనుంచి వచ్చేది, పక్కన ఎర్రరంగులో ‘ఎందుకు అమ్మలేదు’ అన్న ప్రశ్నతో. ఆ జాబితాలోకి ఎక్కిన బండిని తగ్గించి అయినా వదిలించుకుంటారు.

అందుకని మీరు చెయ్యాల్సిన మొదటి పని పాట పాడ్డం మానెయ్యడం. ఓ రెండు నెలలు చూడండి చాలు. ఒక నోటుబుక్కు పెట్టుకుని మీకు కావలసిన మోడల్ లాట్ వచ్చినప్పుడల్లా బండి నంబరు, ఏ యార్డు, ఎంత దగ్గర ఆగింది, మళ్లీ ఎప్పుడొచ్చింది అన్నది రాసుకోండి. రెండు నెలల తర్వాత ఆ మోడల్ అసలు ఎంతకి పోతోందో మీకు ఏ డీలరూ చెప్పనంత బాగా తెలుస్తుంది. నంబరు రాసుకోవడం ముఖ్యం, లాట్ నంబరు ప్రతిసారీ మారిపోతుంది, బండి నంబరు మారదు.

ఇక ఆఖరి క్షణం సంగతి. ఆ చిట్కా ఈబే అనే విదేశీ వేలం సైటు కాలంనాటిది. అక్కడ వేలం ముగిసే సమయం రాయి మీద గీతలా ఉంటుంది. గడియారం సున్నా కొట్టిందంటే అయిపోయినట్టే, అందుకని ఆఖరి నాలుగు సెకన్లలో పాట విసిరితే ఎదుటివాడికి తేరుకునే వ్యవధి ఉండదు. ఈబే ఇండియా సైటు 2018లోనే మూతపడింది, చిట్కా మాత్రం వీడియోల్లో తిరుగుతూనే ఉంది. ఇప్పుడు మన దగ్గర బండ్లకైనా, బ్యాంకు ఆస్తులకైనా, ప్రభుత్వ తుక్కుకైనా దాదాపు అన్ని వేలాల్లోనూ ముగింపు పొడిగింపు ఉంటుంది. ఆఖరి కొద్ది నిమిషాల్లో ఎవరు పాట పెంచినా గడువు మరికొన్ని నిమిషాలు జరుగుతుంది. మీరు ఆఖరి సెకన్లో వేస్తే అందరికీ గంట కొట్టి చెప్పినట్టే. పైగా ఆ హడావిడిలో మన చెయ్యి మన మాట వినదు. పొడిగింపు మీద పొడిగింపు పడుతుంటే, ‘ఇంకో రెండు వేలే కదా’ అనుకుంటూ యాభై వేలు ఎక్కేసినవాళ్లని చూశాను. ఆటో బిడ్ (మీ హద్దు దాకా యాప్ తనంతట తనే పాడేది) సదుపాయం ఉంటే అందులో మీ గరిష్ఠం పెట్టేసి ఫోన్ పక్కన పడేసి టీ తాగి రండి.

ఆ గరిష్ఠం గుండ్రంగా పెట్టకండి. అందరూ 2,50,000 దగ్గరో 2,60,000 దగ్గరో ఆగుతారు. మీ లెక్కలో 2,60,000 వస్తే 2,61,000 పెట్టండి. ఆ ఒక్క వెయ్యికి బండి చేతికొచ్చిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

లెక్క వెనక నుంచి వెయ్యండి. మీ బండికే వేసి చూపిస్తాను. రోడ్డు మీద తిరగడానికి సిద్ధంగా, కాగితాలన్నీ పక్కాగా ఉన్న ఆ పికప్ శ్రీకాకుళంలో 4,50,000 అనుకుందాం. చెప్పే ధర కాదు, ఇచ్చే ధర తీసుకోవాలి సుమా, రెండింటికీ ఇరవై ముప్పై వేలు తేడా ఉంటుంది. ఇప్పుడు తీసెయ్యండి. రెండు టైర్లకి 14,000. బ్యాటరీ, ఆయిళ్లు, ఫిల్టర్లు, బ్రేకు పనికి 15,000. క్లచ్చో సస్పెన్షనో, మీకు యార్డులో కనబడని రోగం ఒకటి ఉంటుంది, దానికి 25,000. గూడ్స్ బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే, 7,500 కేజీల లోపు తరగతిలో 2022 రేటు ప్రకారం 16,049 రూపాయలు, జీఎస్టీ, మిగతావీ కలిపి 18,000 అనుకోండి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), టాక్స్ బకాయి, పేరు మార్పిడి, హైపోతికేషన్ (ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు) తీయించడం కలిపి 15,000. వేలం కంపెనీ కమీషను, యార్డు ఛార్జీలు 10,000. బండి ఇంటికి తెచ్చుకోడానికి డ్రైవరు, డీజిలు 4,000. మొత్తం 1,01,000. అంటే 3,49,000కి పాడితే మీకు రూపాయి కూడా కలిసిరాలేదు, బయట కొన్నవాడితో సమానం, పైగా వారంటీ లేని బండి. పదిహేను శాతం మిగలాలంటే ఇంకో 67,500 తీసెయ్యాలి. గరిష్ఠం 2,81,500.

ఇంకో మాట. మీ దగ్గర మూడున్నర లక్షలున్నాయని మూడున్నర దాకా పాడొచ్చు అనుకుంటున్నారు. ఆ లక్ష ఖర్చు బండి తెచ్చిన నెలలోనే వస్తుంది కాబట్టి మీరు పాడగలిగేది రెండున్నర వరకే. ఆ లెక్కన మీరు చూడాల్సింది బయట నాలుగూ నాలుగూ పది పలికే బండి, నాలుగున్నరది కాదు. ఏడాది పాత మోడల్‌కి దిగండి. లోన్ పెడదాం అనుకోకండి. అప్రూవల్ వచ్చాక డబ్బు కట్టడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే, ఈలోపు లోన్ రాదు. కట్టలేకపోతే పాటకి ముందు కట్టిన డిపాజిట్ పోతుంది, ఐడీ కూడా బ్లాక్ చేస్తారు.

చిన్న టాటా ఏస్ బండితో సరిపెట్టుకోమని మీకు ఎవరైనా చెబుతారు. జీడిపిక్కల బస్తా 80 కేజీలు. పాత ఏస్ మోయాల్సింది 750 కేజీలు, అంటే తొమ్మిది బస్తాలు. మీరు తొమ్మిదితో ఆగరు, పదిహేను వేస్తారు. మీకంటే ముందు దాన్ని నడిపినవాడూ అలాగే వేసుంటాడు. కాబట్టి పికప్ అనుకున్నది సరైన ఆలోచనే.

నలుగురూ వదిలేసే బండ్లు ఏవి? బేరం ఎక్కువగా ఉండేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

తాళం లేని బండి. సీజింగ్ చేసేటప్పుడు ఓనర్ తాళం ఇవ్వడు, టోయింగ్ చేసి తెస్తారు. లాట్‌లో ‘తాళం లేదు, స్టార్ట్ అవ్వదు’ అని రాసి ఉంటుంది. అది చూసి చాలామంది పక్కకెళ్లిపోతారు. నాలుగు నెలలు నిలబడ్డ ఏ బండీ స్టార్ట్ అవ్వదు, బ్యాటరీ చచ్చిపోతుంది, అందులో వింతేముంది? చీపురుపల్లిలో కూరగాయల వ్యాపారం చేసే ఒకాయనకి ఇలాంటి పికప్ ఒకటి ఇప్పించాను. మూడుసార్లు పాటకొచ్చి తిరిగిపోయిన బండి. తాళం చేయించి, కొత్త బ్యాటరీ వేసి, డీజిల్ లైన్లో గాలి తీస్తే రెండోసారి తాళం తిప్పేసరికి అందుకుంది. ఇరవై వేల లోపు పని. బయటి ధరకి అతనికి ఎనభై వేల దాకా తేడా వచ్చింది. ఒక జాగ్రత్త: కొత్త మోడళ్లలో తాళంలో చిప్ ఉంటుంది, దాన్ని షోరూములోనే చేయించాలి. ఎంతవుతుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఫోటోలు చెత్తగా ఉన్న బండి. దుమ్ము కొట్టుకుపోయి, పక్కన ఇంకో రెండు లారీలు అడ్డంగా ఉండి, ముందు నుంచి ఒకటే ఫోటో. అలాగే మోడల్ పేరు తప్పుగా ఎక్కించినవి, పికప్‌ని కార్ల విభాగంలో పడేసినవి. వెతికేటప్పుడు ఫిల్టర్లు పెట్టి వెతికేవాళ్లకి ఇవి కనబడవు. నేను వారానికోసారి ఏ ఫిల్టరూ లేకుండా మన చుట్టుపక్కల యార్డుల జాబితా మొత్తం కిందిదాకా చూస్తాను. విసుగు పనే, కానీ డబ్బు అందులోనే ఉంది.

ఒడిశా నంబరు బండ్లు. మీది సరిహద్దు కాబట్టి మీకు పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి వచ్చే ఓడీ బండ్లు బాగానే తగులుతాయి. మనవాళ్లు వాటిని పాడరు, ఎందుకంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ టాక్స్ మళ్లీ కట్టాలి, కొత్త నంబరు వేయించాలి. తిరగడానికి ఓపిక, అక్కడ తెలిసినవాళ్లు ఉంటే ఇది లాభమే. లేకపోతే వద్దు. మన ఏపీ 30, ఏపీ 35, లేదా 2019 తర్వాతి ఏపీ 39 నంబర్లకి ఈ గొడవ లేదు.

ఆర్‌సీ కాగితం లేని బండి కూడా తగ్గుతుంది. భయపడాల్సిన పనిలేదు, కానీ అడగాల్సింది అడగండి: కంపెనీ ఫారం 36 పెట్టి తమ పేరు మీద కొత్త ఆర్‌సీ తీయిస్తుందా, లేక ‘ఉన్నది ఉన్నట్టు’ అని చేతులు దులిపేస్తుందా? మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్లో ఫైనాన్స్ కంపెనీకి ఆ వెసులుబాటు ఉంది. తీయించి ఇస్తామని రాతపూర్వకంగా ఉంటేనే పాడండి.

యార్డుకి వెళ్లకుండా పాడొద్దు. ఇది ఒక్కటే నేను ఖరాఖండిగా చెప్పే మాట. పెద్ద యార్డులు చాలావరకు విశాఖ శివార్లలో ఉంటాయి. పలాసలో పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి చూసుకుని వచ్చెయ్యొచ్చు. మీకు తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లండి. అతని రోజు కూలీ, భోజనం, టిక్కెట్టు కలిపి రెండు వేలవుతుంది, దానికి వెనకాడకండి. యార్డువాళ్లు బండి నడపనివ్వరు, కొన్నిచోట్ల స్టార్ట్ మాత్రం చెయ్యనిస్తారు.

మన జిల్లాల్లో బండి ఏ పని చేసి వచ్చిందన్నది రంగు కంటే ముఖ్యం. భావనపాడు, కళింగపట్నం, ఇటు భోగాపురం తీరం నుంచి చేపలు, రొయ్యలు తోలిన పికప్ ఉంటుంది. పైకి కొత్త పెయింటు మెరుస్తూ ఉంటుంది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు బాడీ అడుగు నుంచి కారి ఏళ్ల తరబడి ఛాసిస్ మీద పడుతూనే ఉంటాయి. మీరు నేల మీద గోనె పరుచుకుని బండి కిందికి దూరండి. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య అడ్డదూలాలు ఉంటాయి, ఫోన్ లైటు వేసి స్క్రూడ్రైవరు పిడితో వాటిని తట్టండి. ఖణేల్‌మంటే మంచిది. దబదబమని మొద్దు శబ్దం వచ్చి పొరలు పొరలుగా తుప్పు రాలితే అక్కడితో ఆపేసి లేచి రండి. నరసన్నపేట కుర్రాడొకడు ఫోటో చూసి అలాంటిది పాడుకున్నాడు, ఎఫ్‌సీకి తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కిందకి వంగి చూసి తిప్పి పంపేశాడు. వెల్డింగులకి పెట్టిన డబ్బుతో ఇంకో బండి వచ్చేది.

టెక్కలి గ్రానైటు క్వారీల చుట్టూ తిరిగిన బండైతే వెనక స్ప్రింగు కట్టలు చూడండి. ఆకులు ఎన్ని మార్చారు, అదనంగా ఆకు వేశారా, ఛాసిస్‌కి లోపలివైపు పట్టీ వేసి వెల్డింగు చేసిన గుర్తుందా. అదనపు ఆకు కనబడిందంటే ఆ బండి జీవితమంతా అధిక లోడు మోసినట్టే.

బండిని స్టార్ట్ చెయ్యనిస్తే ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీసి చూడండి. ఆ రంధ్రంలోంచి పొగ బుసబుసా పైకి తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అయిపోయాయి. అరచెయ్యి పైన పెడితే ఊపిరి తగిలినట్టు కొట్టుకోవాలి, అంతే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉన్నా ఫర్వాలేదు, పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, హెడ్ పని. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ బండ్లలో పొగగొట్టం ఫిల్టరు, సెన్సార్లు ఉంటాయి. డాష్‌బోర్డులో హెచ్చరిక లైట్లు వెలుగుతూ ఉంటే మామూలు మెకానిక్ వల్ల కాదు, ఖర్చు రెట్టింపు వేసుకోండి.

కిలోమీటర్ల మీటరుని నమ్మొద్దు. క్లచ్ పెడలు రబ్బరు చూడండి, అరవై వేలని మీటరు చెబుతూ పెడలు ఇనుము కనబడుతుంటే ఆ లెక్క మీకే తెలుస్తుంది. ఆ బండి నంబరు చెప్పి షోరూముకి ఫోన్ చేస్తే ఆఖరి సర్వీసు ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర అన్నది చాలాసార్లు చెప్పేస్తారు.

ట్రాక్టర్ల గురించి కూడా కొందరు అడుగుతుంటారు కాబట్టి ఒక్క ముక్క. వంశధార, నాగావళి ఇసుక రేవుల్లో దిగిన ట్రాక్టరు, దమ్ము చక్రాలతో ఏళ్లపాటు బురదలో తిరిగిన ట్రాక్టరు ఇంజిన్ బాగున్నా వెనక ఆక్సిల్ పోయి ఉంటుంది. గేరు ఆయిల్ బోల్టు వదులు చేసి నాలుగు చుక్కలు చూడండి, తెల్లగా వస్తే సీళ్లు పోయి నీళ్లు దిగినట్టు.

కారు కొనేవాళ్లకి ఇంకో హెచ్చరిక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు మునిగాయి. అలాంటివి ఇన్సూరెన్సు కంపెనీల లాట్లలోకి వస్తాయి, అక్కణ్నుంచి కడిగి, సీటు కవర్లు మార్చి, మామూలు బండ్లలా చేతులు మారతాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. పైన శుభ్రంగా ఉండి, ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు దగ్గర మట్టిగీత ఉంటుంది. అది కడగడం ఎవరికీ గుర్తుండదు. స్టెప్నీ తీసి దాని గుంటలో వేలు పెట్టి చూడండి, ఒండ్రుమట్టి తగులుతుంది. ఎలక్ట్రికల్ పని ఎప్పటికీ తెగదు, ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

కాగితాల దగ్గర నాకు పెద్ద సిద్ధాంతాలేం లేవు. ఎం‌పరివాహన్‌లో (ప్రభుత్వ రవాణా యాప్ అది) నంబరు కొడితే ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ, టాక్స్ ఎంతవరకు ఉన్నాయో, ఏ ఫైనాన్సులో ఉందో, బ్లాక్‌లిస్టులో ఉందో తెలుస్తుంది. చలానాలు వేరేగా చూసుకోండి, ఓవర్‌లోడు కేసులుంటే అవి మీ నెత్తినే పడతాయి. ఛాసిస్ నంబరుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆర్‌సీలో నంబరుతో అంకె అంకె సరిచూడండి. ఎఫ్‌సీ విషయం చాలామందికి తెలియదు: రవాణా బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. కాబట్టి ఏడున్నరేళ్ల బండి ఆరున్నరేళ్ల బండి కంటే ఖరీదైన బండి, పాటలో ఎంత తగ్గినా. డబ్బు కట్టాక ఫారం 29, 30 మీద కంపెనీ సంతకం, హైపోతికేషన్ తీసేసినట్టు ఫారం 35, సేల్ లెటర్, డెలివరీ ఆర్డర్ అన్నీ చేతికొచ్చాకే యార్డు గేటు దాటండి. ‘వెనక కొరియర్ చేస్తాం’ అన్న మాట మీద బయటికొస్తే ఆ కొరియర్ కోసం నెలలు తిరగాలి.

పోలీసులు, ఎక్సైజు వాళ్లు పట్టుకున్న బండ్ల వేలం వేరే దారి. ప్రభుత్వం తరఫున జరిగిన వేలంలో కొంటే బండి చేతికొచ్చిన 30 రోజుల్లో ఫారం 32తో మార్పిడికి పెట్టాలి, దానికి వేలం ఉత్తర్వు నకలు కావాలి. ఇంకా కొందరు ప్రభుత్వాఫీసుల పాత జీపుల మీద ఆశపడుతుంటారు. అవి మర్చిపోండి. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషను పొడిగించడం లేదు, అవి తుక్కు కేంద్రాలకే పోవాలి.

ఎప్పుడు కొనాలి? మార్చి నెలాఖరులో కంపెనీలు లెక్కలు సర్దుకోవాలి కాబట్టి లాట్లు ఎక్కువ వస్తాయి, అప్రూవళ్లు కాస్త సులువుగా దొరుకుతాయి. ఆషాఢంలో ఇంటికి బండి తెచ్చుకోడానికి మనవాళ్లు ఇష్టపడరు, సొంతానికి కొనేవాళ్లు తగ్గి డీలర్లే మిగులుతారు. డీలరు లాభం చూసుకుని పాడతాడు కాబట్టి ఒక హద్దు దగ్గర ఆగుతాడు, సొంతానికి పాడేవాడు పంతం పట్టి ఎక్కేస్తాడు. అందుకే ఆషాఢం నాకిష్టం. దసరా ముందు మాత్రం యాప్ తెరవకండి. మీ విషయంలో చిక్కేమిటంటే ఉద్దానంలో పిక్కల సీజను మార్చి నుంచి మే దాకా. జనవరి, ఫిబ్రవరిలో మీలాంటివాళ్లందరూ పికప్‌ల కోసం వెతుకుతుంటారు, ధర అప్పుడే ఎక్కుతుంది. ఈ సీజనుకి అద్దె బండితో గడిపేసి, వచ్చే ఆషాఢానికి కొనుక్కుంటే మీ రెండున్నరలో మంచి బండే పడుతుంది. అద్దె డబ్బు వృథా అని మీ ఇంట్లో అంటారేమో, లెక్క చూపించండి.

మోసాల గురించి అడిగారు కదా. అసలైన వేలం కంపెనీ డిపాజిట్‌ని కంపెనీ పేరున్న బ్యాంకు ఖాతాలోకి తీసుకుంటుంది, యార్డులో బండి చూడనిస్తుంది. వ్యక్తి పేరు మీద యూపీఐకి ‘బుకింగ్ ఐదు వేలు’ కొట్టమన్నా, బండి ‘ఆర్మీ క్యాంపులో ఉంది, ట్రాన్స్‌పోర్టులో పంపిస్తాం’ అన్నా, క్యూఆర్ పంపినా అది బండే కాదు. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యండి.

ఇది నా అభిప్రాయం మాత్రమే, వ్యాపార సూత్రం కాదు: మన ఊరివాళ్ల బండి, పక్క ఊరివాళ్ల బండి పాటకొస్తే నేను పాడను. ఎంత చవకైనా సరే. కిస్తీలు కట్టలేక బండి పోగొట్టుకున్నవాడి గుమ్మం ముందునుంచి ఆ బండే రోజూ తోలుకుంటూ వెళ్లాలి. చట్టప్రకారం మీకు పూర్తి హక్కే, అయినా సంతలోనో పెళ్లిలోనో ఎదురుపడతాడు. వసూళ్లలో ఉన్నప్పుడు అలాంటి రెండు గొడవలు పోలీస్‌స్టేషన్ దాకా వెళ్లడం చూశాను. పలాస, కాశీబుగ్గ, మందస అడ్రసుల బండ్లు మీరు వదిలెయ్యండి. అనకాపల్లివో పార్వతీపురంవో చూసుకోండి.

బండి చేతికొచ్చిన రోజు చెయ్యాల్సినవి రెండు. యార్డు నుంచి కదిలేముందే బండికి ఇన్సూరెన్సు తీసుకోండి, ఫోన్లోనే అయిపోతుంది. అద్దానికి పాత ఓనర్ ఫాస్టాగ్ అతికించి ఉంటే గీకి తీసేసి, మీ పేరున కొత్తది పెట్టించండి. లేకపోతే నాతవలస టోల్ గేటు దగ్గరే ఆపేస్తారు, లేదా డబ్బు అతని ఖాతాలోంచి పోయి ఆ సాయంత్రమే మీకు ఫోనొస్తుంది. నచ్చిన లాట్ ఏదైనా కనబడితే బండి నంబరు, యార్డు పేరు ఇక్కడే కింద పెట్టండి, నా నోటుబుక్కులో దాని పాత పాట ఉంటే చెబుతాను.